క్రీము కొనేముందు బకెట్‌లోని నీళ్లు చూడండి

కండ్లకోయ, మైసమ్మగూడ, దూలపల్లి వైపు కాలేజీ హాస్టళ్లలో కొత్తగా చేరిన అమ్మాయిల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: "ఇక్కడి నీళ్లు పడ్తలేవు ఆంటీ." సబ్బు ఇంటి దగ్గర వాడిందే. క్రీమూ అదే. అయినా మేడ్చల్ వచ్చిన నెలకల్లా మొహం కడుక్కోగానే బుగ్గలు బిగదీసుకుపోతాయి, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, కొందరికి నుదుటి మీద సన్నటి పొక్కులు వస్తాయి. శామీర్‌పేట, తూంకుంట దారిలో కొత్త ఇళ్లకు మారిన కుటుంబాల్లోనూ ఇదే ఫిర్యాదు. అక్కడి నుంచి వేట మొదలవుతుంది. సబ్బు మారుస్తారు, ఫేస్‌వాష్ మారుస్తారు, స్నేహితురాలికి పనిచేసిందని సీరమ్ తెప్పిస్తారు. చివరికి ఫ్యాన్సీ షాపులో అడిగితే చేతిలో ఒక ట్యూబు పెట్టి "వారంలో తేడా కనబడ్తది అక్కా" అంటారు.

చర్మానికి ఏం జరుగుతోందో చూసుకోకుండా నేరుగా సరుకు దగ్గర మొదలుపెట్టడం వల్లే ఈ వేటలో డబ్బు పోతుంది. మొహానికి పడే వస్తువు చవకగా దొరకదని చాలామంది నమ్మకం. నిక్షేపంగా దొరుకుతుంది. కాకపోతే ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి.

సబ్బు సగం నీళ్లకే ఖర్చు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంతా గ్రానైట్ రాతి మీద ఉంది. వాన నీరు ఆ రాతి పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి అక్కడే నిలిచి, రాతిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. బోరు ఎంత లోతుకు దించితే అంత పాత నీరు, సాధారణంగా అంత ఎక్కువ లవణాలు. తాగునీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని అదే ప్రమాణం చెబుతుంది. బోరు నీళ్లలో ఆ మొదటి గీత దాటిపోవడం ఈ చుట్టుపక్కల వింతేమీ కాదు. ఎల్లంపల్లి నుంచి పైపుల్లో వచ్చే గోదావరి నీళ్లు ఇంతకంటే మెత్తన. అవి రోజూ రాని కాలనీల్లో, ట్యాంకర్ల మీద బతికే హాస్టళ్లలో స్నానానికి బోరే గతి.

ఇప్పుడు సబ్బు వేద్దాం. సబ్బంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలు సోడియంతో కలిసిన పదార్థం, నీటిలో కరుగుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం తగలగానే సోడియంను పక్కకు నెట్టి తాను ఆ చోట కూర్చుంటుంది. ఆ కొత్త పదార్థం నీటిలో కరగదు. బకెట్ లోపలి అంచున జిడ్డుగా, గోటితో గీకితే ఊడి వచ్చే తెల్లటి మడ్డి ఉంటుందే, అది ఇదే. బకెట్‌కు పట్టిన మడ్డి మొహానికి పట్టకుండా ఉంటుందా? కడిగినా పూర్తిగా పోదు. పైగా నురగ రాలేదని ఇంకాస్త సబ్బు, ఇంకాస్త రుద్దుడు.

బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 80 మంది చర్మం మీద ఈ సంగతిని పరీక్షించారు. ఫేస్‌వాష్‌లలో, షాంపూలలో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్, కఠిన జలంతో కడిగినప్పుడు చర్మం మీద ఎక్కువ మిగిలిపోయింది. అదే నీటి నుంచి కాల్షియం, మెగ్నీషియం తీసేశాక కడిగితే ఆ మిగులూ, దానివల్ల వచ్చే చిరచిరా తగ్గాయి. ఎగ్జిమా వంటి దురద జబ్బుకు లోనయ్యే తత్వం ఉన్నవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ.

ఇంట్లోనే చిన్న పరీక్ష

మూతలున్న రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో గ్లాసెడు బోరు నీళ్లు, రెండోదాంట్లో గ్లాసెడు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు పోయండి. మామూలు ఒంటి సబ్బును చాకుతో గీరి, చిటికెడు చొప్పున రెండింట్లోనూ వేసి, ఒకేలా ఊపండి. షాంపూతో ఈ పరీక్ష కుదరదు, అది ఏ నీళ్లలోనైనా నురుగుతుంది. ఫిల్టర్ నీళ్ల సీసాలో నురగ నిలిచి, బోరు నీళ్ల సీసాలో తెల్లటి తరకలు తేలాయంటే మీ బిగుతుకు కారణం చాలావరకు దొరికినట్టే. అప్పుడు చేయాల్సిన మొదటి పనికి ఖర్చు లేదు: మొహాన్ని బోరు నీళ్లతోనే కడిగినా, ఆఖరున ఒక్క మగ్గు ఫిల్టర్ నీళ్లతో తొలచండి. నీళ్లు కాచి వాడితే కాఠిన్యంలో కొంత భాగమే పోతుంది.

కాగితం కంటే పలచని గోడ

చర్మపు పైపొర ఒక గోడ. చచ్చిపోయి చదునుగా మారిన కణాలు ఇటుకల్లా 15, 20 వరసలు పేర్చి ఉంటాయి. మధ్యలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా అతుకుతాయి. ఇంత కట్టడమూ కలిపి మామూలు కాగితం మందంలో ఐదో వంతుకు మించదు. ఒంట్లోని నీటిని బయటికి పోనివ్వనిదీ, బయటి రసాయనాలను లోపలికి రానివ్వనిదీ ఇదే. "పడలేదు" అనే ప్రతి కథలోనూ మొదట దెబ్బతినేది ఈ సున్నమే.

ఈ గోడ కాస్త పుల్లగా ఉంటేనే గట్టిగా ఉంటుంది. చర్మం ఉపరితలం పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది, సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు ఆ పులుపులోనే బాగా పనిచేస్తాయి. సబ్బు పీహెచ్ 9 నుంచి 10. ఒకసారి సబ్బుతో కడిగితే చర్మం మళ్లీ తన పులుపుకు రావడానికి గంటల సమయం పడుతుంది. రోజుకు నాలుగైదుసార్లు కడిగే కాలేజీ అమ్మాయి మొహానికి ఆ తీరిక దొరకదు. జిడ్డు మొహం ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. గ్రంథుల నుంచి ఊరే జిడ్డు వేరు, ఇటుకల మధ్య సున్నం వేరు. పైన జిడ్డు కారుతూనే లోపల గోడ ఎండిపోయి ఉండవచ్చు.

సబ్బు కొనేటప్పుడు రేపర్ మీద టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) శాతం చూడాలని చాలామందికి తెలుసు. 76 శాతం, ఆ పైన ఉంటే మొదటి గ్రేడు టాయిలెట్ సోపు, 70 అయితే రెండు, 60 అయితే మూడు. బేతింగ్ బార్ అని రాసి ఉంటే ఇంకా తక్కువ ఉండవచ్చు. ఎక్కువ టీఎఫ్‌ఎం అంటే రాతిపొడి లాంటి పూరకాలు తక్కువ, సబ్బు త్వరగా అరగదు. అంతవరకు మంచిదే. కానీ 76 శాతం సబ్బూ సబ్బే, దాని పీహెచ్ తగ్గదు, బోరు నీళ్లలో మడ్డి కట్టకా మానదు. మొహం వరకు సబ్బు కాని బార్ మేలు. వాటిని సిండెట్ బార్లు అంటారు. పదార్థాల జాబితాలో సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అనే పేరు మొదట్లోనే కనిపిస్తుంది. కాల్షియంతో కలిసి మడ్డి కట్టే గుణం వీటికి బాగా తక్కువ, పీహెచ్ కూడా చర్మానికి దగ్గరగా ఉంటుంది. మామూలు సబ్బు కంటే ధర ఎక్కువే. అందుకే మొహానికి మాత్రమే వాడండి. చాకుతో నాలుగు ముక్కలు కోసి, ఒక ముక్కే బయట పెట్టి, తక్కినవి పొడిగా దాచుకుంటే చాలాకాలం వస్తుంది.

మన సున్నిపిండి ఇక్కడ మంచి మార్కులే తెచ్చుకుంటుంది. పెసరపిండి, సెనగపిండి జిడ్డును పీల్చుకుంటాయి, కాల్షియంతో మడ్డి కట్టవు. బరకగా విసిరిన పిండితో గట్టిగా రుద్దితే మాత్రం గోడ గీసుకుపోతుంది. మెత్తగా జల్లించి, తడి మొహానికి రాసి కడిగేయాలి. నిమ్మరసం సంగతి వేరు. దాని పీహెచ్ 2 చుట్టూ ఉంటుంది, అది రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కి నెలల తరబడి నల్ల మచ్చ ఉండిపోతుంది.

ధర ఎక్కడ ఉంది, పని ఎక్కడ ఉంది

మాయిశ్చరైజర్ చేసే పనులు రెండే. నీటిని పట్టి ఉంచడం, ఉన్న నీటిని పోనివ్వకపోవడం. మొదటి పనికి గ్లిసరిన్‌ను మించిన చవక పదార్థం లేదు. రెండో పనికి పెట్రోలియం జెల్లీ. అమెరికాలో రాబర్ట్ చెస్‌బ్రో 1872లో దానికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ చర్మం నుంచి నీరు ఆవిరి కాకుండా ఆపడంలో దాన్ని మించింది లేదు. ఖరీదైన సీసాలో ఉన్నదీ, చిన్న డబ్బాలో ఉన్నదీ చాలావరకు ఈ రెండింటి పనే. తేడా సువాసన, రాసుకున్నాక చేతికి తగిలే నునుపు, డబ్బా అందం, ప్రకటన ఖర్చు. నునుపు తక్కువ విషయమని నేననను. జిడ్డుగా ఉంటే ఎండాకాలంలో ఎవరూ రాసుకోరు, రాసుకోని క్రీము ఎంత మంచిదైనా దండగే. మే నెలలో పలచటి జెల్, హకీంపేట, దుండిగల్‌లో చలి నగరం నడిబొడ్డు కంటే ముందే గట్టిగా పట్టే డిసెంబరులో చిక్కటి క్రీము. ఏడాది పొడుగునా ఒకటే డబ్బా సరిపోదు. మొటిమల మొహానికి కొబ్బరినూనె వద్దు, కాళ్లకూ చేతులకూ నిశ్చింతగా రాయొచ్చు.

పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువ వరసలో ఉంటుంది. ఒక శాతం లోపువి ఎటైనా రాయొచ్చు. అట్ట మీద పెద్ద అక్షరాల్లో మెరిసే కుంకుమపువ్వు జాబితాలో చిట్టచివర, సువాసన ద్రవ్యం పక్కన ఉందంటే అది అక్కడ పేరుకే ఉంది. ఇంకొక సాయం చట్టం చేసింది: ప్యాకెట్ మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో యూనిట్ ధర కూడా అచ్చు వేయాలి. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఆ అంకె చూడండి, ఎమ్మార్పీ చూడకండి.

ఈ ప్రాంతంతో ముడిపడిన పదార్థం ఒకటి చెప్పాలి. ఇప్పుడు ప్రతి సీరమ్ మీదా కనిపించే నియాసినమైడ్ అంటే బి3 విటమిన్. జొన్నే ప్రధాన ఆహారమైన దక్కన్ పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పెచ్చులూడేది. బి3 కొరవడితే వచ్చే జబ్బది. తార్నాకలోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా దీన్ని శోధించి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో బి3 తయారీకి అడ్డుపడుతోందని 1960లో ప్రతిపాదించారు. చర్మానికి ఆ విటమిన్ ఎంత అవసరమో చూపించిన నేల ఇది. పైన రాసుకుంటే అది రంగు కణాల నుంచి మెలనిన్ పక్క కణాలకు చేరడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, గోడకు కావలసిన సెరమైడ్ల తయారీకి తోడ్పడుతుంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతం. 10 శాతం అని రాసినంత మాత్రాన రెట్టింపు ఫలితం రాదు, మంట మాత్రం రావచ్చు. పదార్థం చాలా చవక. వేలల్లో ధర పెట్టే సీసా దీనికోసం అక్కర్లేదు.

నెల వాడాక ఎందుకు దద్దురు

"మొన్నటిదాకా బాగానే పడింది, ఇప్పుడే ఏమైందో" అనే వాళ్లకు ఒక సంగతి. క్రీము పడకపోవడం రెండు రకాలు. ఒకటి చిరచిర: గోడ దెబ్బతిని ఉంటే రాసిన నిమిషాల్లో మంట. గోడ కోలుకుంటే అదే క్రీము మళ్లీ పడవచ్చు. రెండోది అలర్జీ. దీన్ని రోగనిరోధక వ్యవస్థ నేర్చుకుంటుంది. ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తించడానికి దానికి కనీసం పది, పదిహేను రోజులు, ఒక్కోసారి నెలలు, ఏళ్లు పడుతుంది. నేర్చుకున్నాక మాత్రం మరచిపోదు. తర్వాత తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజుల్లో దద్దురు, దురద. అందుకే తప్పు నిన్న కొన్నదానిదే అనుకోవడం పొరపాటు.

మోచేతి లోపలి మడత కింద రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడటం మంచి పరీక్ష. ఒక్క రాత్రి చూసి వదిలేస్తే అలర్జీ బయటపడదు. ఒకేసారి మూడు కొత్తవి మొదలుపెట్టకండి, ఏది పడలేదో ఎవరూ చెప్పలేరు. పైపొర పూర్తిగా మారడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి మంట, దురద లేకపోతే అంతవరకు ఆగి తీర్పు చెప్పండి.

బొట్టుబిళ్ల విషయం ఇక్కడే చెప్పుకోవాలి. కొన్నింటి జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ రంగు కణాలను చంపేస్తుంది. నుదుటి మీద బిళ్లంత తెల్ల మచ్చ వస్తే మొదట అనుమానించాల్సింది జిగురునే. వెంటనే బిళ్ల మానేసి డాక్టరుకు చూపిస్తే ముదరకుండా ఆపవచ్చు. పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమకు ఈ బెడద లేదు. ఎర్రటి కృత్రిమ రంగు కలిపి చౌకగా అమ్మే పొడి అలాంటిది కాదు, దాంతో దద్దురు వచ్చిన వాళ్లు ఎందరో.

మన రంగుకు ఏ ఎండ

చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి ఆరు తరగతులుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం 1975లో పుట్టింది. మొదట అందులో తెల్లవాళ్ల చర్మానికే తరగతులున్నాయి. గోధుమ, నలుపు రంగులను తర్వాత చేర్చారు. సన్‌స్క్రీన్ల తయారీ కూడా చాలాకాలం అలాగే నడిచింది. వాళ్ల బాధ ఎండకు కమిలిపోవడం. మన బాధ మంగు, మొటిమ పోయినా పోని నల్ల మచ్చ.

ఎస్‌పీఎఫ్ అంకె కమలడాన్ని ఆపే శక్తిని కొలుస్తుంది. 30 అయితే కమలజేసే కిరణాల్లో 97 శాతాన్ని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు డబ్బు పోయడం కంటే సరిపడా రాసుకోవడం ముఖ్యం. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలుస్తారు. మొహానికీ మెడకూ కలిపి అది గ్రాముకు కాస్త అటూ ఇటూ, అంటే చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండిన రెండు గీతలు. మనలో ఎక్కువమంది అందులో సగం కూడా రాయరు. 50 గ్రాముల ట్యూబు 400 రూపాయలైతే, గ్రాము చొప్పున రోజుకు 8 రూపాయలు. నెలకు 240. సీరమ్‌కూ ఫేషియల్‌కూ పెట్టే డబ్బులో ముందుగా దీన్ని మినహాయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఎస్‌పీఎఫ్ కొలవనిది ఒకటుంది. అమెరికాలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు 2010లో చూపించిందేమిటంటే, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా గోధుమ, నలుపు చర్మాలను నల్లబరుస్తుంది, తెల్ల చర్మాన్ని అలా చేయదు. రంగులేని సన్‌స్క్రీన్ ఈ వెలుతురును పెద్దగా ఆపదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్. తెలంగాణ పల్లెల్లో గడపకూ అరుగుకూ అలికే ఎర్ర జాజులో రంగునిచ్చేది ఇదే ఖనిజం. శుద్ధి చేసిన ఐరన్ ఆక్సైడ్‌ను కలిపిన సన్‌స్క్రీన్‌ను టింటెడ్ అంటారు. మంగు ఉన్నవాళ్లు కొనాల్సింది అది. తెల్లగా పూత కనిపించే బాధ కూడా దాంతో తగ్గుతుంది.

ఫౌండేషన్ రంగూ ఆ ఖనిజం నుంచే. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు, తెలుపుకు టైటానియం డయాక్సైడ్. ఏ కంపెనీదైనా ఈ నాలుగింటి కలయికే. తెలుపు పాలు ఎక్కువైతే మన ఛాయ మీద బూడిద రంగు తేలుతుంది. షాపులోని ఎల్‌ఈడీ వెలుగులో సూర్యకాంతిలోని రంగులన్నీ సమంగా ఉండవు, అక్కడ కలిసిపోయినట్టున్న షేడు బయట వేరుగా కనిపిస్తుంది. దవడ అంచు నుంచి మెడ మీదికి రెండు మూడు షేడ్లు గీసుకుని, గుమ్మం బయటికి వచ్చి, పావుగంట ఆగి పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. జిడ్డు తగిలాక రంగు ముదిరేదీ ముదరనిదీ అప్పటికి తేలుతుంది. చేతి మణికట్టు మీద చూడటం వల్ల లాభం లేదు, దాని రంగూ మొహం రంగూ ఒకటి కావు.

జీనోమ్ వ్యాలీలో టీకాలు, ఇంజెక్షన్లు తయారుచేసే స్టెరైల్ గదుల్లోకి మేకప్‌తో వెళ్లనివ్వరు. పౌడరు రేణువులూ, ఊడిపడే చర్మపు పొట్టూ మందును పాడుచేస్తాయి. అక్కడ పనిచేసే అమ్మాయిలకు గంటల తరబడి మాస్కు, ఏసీ గాలి, పదేపదే చేతులు శుభ్రం చేసుకోవడం తప్పవు. వాళ్లకు డ్యూటీ దిగాక చేతులకు గ్లిసరినూ పెట్రోలియం జెల్లీయే మంచి మందు. చేతులకు మురికి కనిపించనప్పుడు మాటిమాటికీ సబ్బు కంటే ఆల్కహాల్ రబ్ గోడను తక్కువ చెరుపుతుంది.

వారంలో తెల్లబరిచే ట్యూబు

షాపులో చేతిలో పెట్టిన ఆ ట్యూబు దగ్గరికి వద్దాం. వారంలో తేడా చూపగలిగేవి ముఖ్యంగా రెండు, రెండూ ప్రమాదమే.

మొదటిది పాదరసం. మెలనిన్ తయారుచేసే ఎంజైమును అడ్డుకుని త్వరగా తెల్లబరుస్తుంది, చర్మం గుండా రక్తంలోకి వెళ్లి మూత్రపిండాల్లో చేరుతుంది. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రిలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో 22 మంది వచ్చారు. వాళ్లలో 15 మందికి ఒక ప్రత్యేక ప్రొటీన్ గుర్తు కనిపించింది, ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే. మన దేశంలో ఇలాంటి క్రీముల్లో పాదరసం కలపడం నిషేధం. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని డబ్బాను ఎంత చవకైనా ముట్టకండి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

రెండోది స్టిరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. ఈ నాలుగు పేర్లలో ఏదైనా ట్యూబు మీద ఉంటే అది మందు, అలంకరణ సామగ్రి కాదు. ఎరుపునూ దురదనూ తక్షణం అణచి, రంగునూ తగ్గిస్తుంది. నెలలు వాడితే గోడ పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. మానేసిన రెండు మూడు రోజుల్లో మొహమంతా ఎర్రబడి మండుతుంది, ఆ మంట భరించలేక మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటారు. దీన్ని సొంతంగా ఉన్నపళంగా ఆపేయకుండా వాడిన ట్యూబును వెంట తీసుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గాంధీ ఆసుపత్రి వంటి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. ఎంతకాలం వాడారో దాచకుండా చెప్పండి. క్రమంగా తగ్గించాలా, వేరే మందుతో ఆపాలా అన్నది వాడిన కాలాన్ని బట్టీ, ఆ స్టిరాయిడ్ బలాన్ని బట్టీ మారుతుంది.